బెలూన్ గారి పదవీ విరమణ సభ

లావు తగ్గాలనుకునేవాళ్లకు, తక్కువ తిన్నా కడుపు నిండేలా, పొట్టలో ఒక బెలూన్ పెట్టి సెలైన్‌తో నింపుతారు. అలా కడుపులో ఆరు నెలలు సెలవు లేకుండా పనిచేసిన బెలూన్ గారు రిటైరైన రోజున ఆసుపత్రివాళ్లు తీసే ఫొటో మీరూ చూసే ఉంటారు. పేషెంటు భుజాన శాలువా, చేతిలో బొకే, కాళ్ల కింద తూకం మిషను. వెనక ఫ్లెక్సీలో డాక్టరుగారి నవ్వు, పక్కన పసుపు అక్షరాల్లో ‘18 కిలోలు మాయం!’ ముందు టేబుల్ మీద కేకు. బరువు తగ్గినందుకు కేకు కోయడం గురించి నేనేమీ మాట్లాడను.

ఆ 18ని తక్కువ చేయకండి. దాని వెనక బోలెడు కృషి ఉంది. మొదటి తూకం, ‘ఇక ఆర్నెల్లు ముట్టుకోలేం కదా’ అని వారం పాటు బిర్యానీలకు వీడ్కోలు చెప్పి వచ్చాక, బెల్టుతో, బూట్లతో, జేబులో సెల్‌ఫోన్‌తో సహా వేసింది. రెండోది బెలూన్ తీసే రోజు, ఆసుపత్రి గౌనులో, రెండు మూడు రోజులు ద్రవాల మీదే గడిపి వచ్చాక. పేగులు ఖాళీ, ఒంట్లో నీరు తక్కువ. కిలోనో రెండు కిలోలో అక్కడే పోతాయి. ఇడ్లీ తిన్న మూడో రోజుకి అవి తిరిగొస్తాయి. అప్పుడు ఫొటోగ్రాఫర్ ఉండడు.

ద్రవాహారం షరతు ఫొటో కోసం పెట్టింది కాదు లెండి. బెలూన్ ఉన్నంతకాలం తిన్నది కిందికి దిగడం ఆలస్యమవుతుంది. మత్తిచ్చిన మనిషి పొట్టలో నిన్నటి అన్నం ఉంటే అది పైకెగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇంత చెప్పినా ‘ఉప్మా మెత్తగానే ఉంటుంది కదండీ’ అని తినొచ్చే మహానుభావులుంటారు. కెమెరా గొట్టం లోపలికి వెళ్లేసరికి బెలూన్ గారు నుదుట కరివేపాకు, బుగ్గన జీడిపప్పుతో పెళ్లికొడుకులా తెరమీద దర్శనమిస్తారు. డాక్టరు గొట్టం వెనక్కి తీసి ఇంకో తేదీ ఇస్తాడు. పొట్ట శుభ్రంగా ఉంటే పెద్ద పనేం కాదు: సూదితో పొడిచి, నీలిరంగు కలిపిన సెలైన్ ఐదారు వందల మిల్లీలీటర్లు పూర్తిగా లాగేసి, అన్నవాహిక బిగుసుకోకుండా ఇంజెక్షనిచ్చి, కొక్కేల పట్టకారుతో మెల్లగా పైకి తేవడమే. సెలైన్ కొంత మిగిల్చి లాగితే గొంతు దగ్గర ఇరుక్కోవచ్చు. నీలిరంగు ఎందుకంటారా, మధ్యలో బెలూన్ కారితే మూత్రం పచ్చగానో నీలంగానో వచ్చి కబురు చెబుతుంది.

ఎలాగూ శాలువా తెచ్చారు కాబట్టి, సభ పద్ధతిగా జరపాలని నా మనవి. అధ్యక్షులు ఫ్యాటీ లివర్ గారు. కాస్త తగ్గి, ఈ మధ్యే కోలుకుంటున్నారు. స్వాగతోపన్యాసం యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ మాత్ర: ‘ఆర్నెల్లూ పరగడుపున నేను పడకపోయుంటే ఇక్కడ పుండు పడేది’ అని కించిత్ గర్వంగా చెబుతుంది. తర్వాత జీర్ణాశయం గారు గద్గద స్వరంతో లేచి, ‘మొదటి వారం వాంతులతో నేను మర్యాద తప్పి ప్రవర్తించాను, బెలూన్ గారు క్షమించాలి’ అంటారు. చప్పట్లు. ఇంకో వక్త అంకెలు చదువుతాడు: అమెరికా ఎండోస్కోపీ వైద్యుల సంఘం 2015లో వేసిన లెక్క ప్రకారం సెలైన్ బెలూన్‌తో మూడు నెలలకే ఒంటి బరువులో సగటున 12 శాతం తగ్గింది, ఆరు నెలలకు 13. అంటే రెండో అర్ధభాగంలో బెలూన్ గారు పెద్దగా చేసిందేమీ లేదు, కుర్చీలో కూర్చున్నారంతే. ఆ మూడు నెలలు పేషెంటు తిండి నేర్చుకోవడానికి ఇచ్చిన గడువు. సభలో ఇబ్బందికరమైన దగ్గులు.

అప్పుడు వెనక వరుసలోంచి, ఆహ్వానం లేకుండా వచ్చిన గ్రెలిన్ లేస్తుంది. ఆకలి హార్మోను. ‘అందరూ వెళ్లిపోతారు. నేనుంటాను’ అంటుంది. నిజమే. ఆస్ట్రేలియాలో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, డైటింగ్‌తో తగ్గినవాళ్లలో ఏడాది దాటినా ఆకలి హార్మోన్లు మామూలు స్థితికి రాలేదు. పైగా తగ్గిన ఒళ్లు ఖర్చుపెట్టే కేలరీలూ తగ్గుతాయి. పాత కంచం ఇప్పుడు కొత్త ఒంటికి ఎక్కువ. వందన సమర్పణ లేకుండానే సభ ముగుస్తుంది.

ఇంటిదగ్గర రెండో సభ. ‘తీసేశారుగా అల్లుడుగారూ, ఇంకా ఏం భయం, ఇంకో గారె వేసుకోండి!’ దీనికి వైద్యం లేదు.

ఇక వేళాకోళం చాలు. ఈ వైద్యంలో అసలు భాగం బెలూన్ తీసిన మర్నాడు మొదలవుతుంది, ప్యాకేజీ ముందురోజే ముగుస్తుంది. బెలూన్ ఆర్నెల్లు, ఈఎంఐ ఏడాదిన్నర. వాయిదా తప్పితే ఫోను గంటలో మోగుతుంది. అదే మనిషి మూడు కిలోలు పెరిగానని ఫోన్ చేస్తే డైటీషియన్ ‘ఇప్పుడు వేరే బ్రాంచిలో ఉన్నారు’. ఎనిమిది నెలలకు బరువంతా తిరిగొస్తే ‘మీకు విల్‌పవర్ లేదండీ’ అని ముఖాన అనేసి, రెండో బెలూన్‌కి డిస్కౌంటు చూపిస్తారు. సిగ్గుండాలి! జబ్బు తిరగబెడుతుందని మీకు ముందే తెలుసు. తెలిసీ చెప్పకుండా అమ్మి, తప్పు పేషెంటు మీద రుద్దుతారా? ఆ మనిషి అద్దంలో తన్ను తాను అసహ్యించుకుంటుంటే మీరు కొత్త ఫ్లెక్సీ కట్టించుకుంటున్నారు!

వాళ్లు చెప్పని పని ఇదీ. గొంతు నొప్పి తగ్గేదాకా ఒకటి రెండు రోజులు జావ, పప్పుకట్టు, పెరుగన్నం. ఆ తర్వాత రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీను. కప్పు పప్పులో ఉండేది ఆరేడు గ్రాములే, గుడ్డులో ఆరు, కాబట్టి ‘రోజూ పప్పు తింటున్నాం’ అంటే సరిపోదు. పప్పు, గుడ్డు, కూర ముందు, అన్నం చివర, కంచం దగ్గర కనీసం 20 నిమిషాలు. పంచదార చాయ్, జ్యూసులు బెలూన్ ఉన్నప్పుడే దాని పక్కనుంచి జారిపోయేవి, ఇప్పుడు అడిగేవాడే లేడు. బరువు నిలబడాలంటే వారానికి 200 నుంచి 300 నిమిషాల నడక, రెండు రోజులు కండరాల వ్యాయామం. వారానికోసారి ఒకే రోజు, పొద్దున్నే తూకం. రెండు కిలోలు పెరిగితే పదో కిలో దాకా ఆగకుండా అప్పుడే డాక్టరు దగ్గరకు. మందులు అవసరమైతే వాడటం ఓటమేం కాదు.

బెలూన్ పెట్టించుకోబోయేవాళ్లు కాగితం మీద ఒక్కటి రాయించుకోండి: తీసేశాక మొదటి నెల రెండుసార్లు, తర్వాత నెలకోసారి, కనీసం ఏడాది డైటీషియన్ చూడాలని. రాయనంటే అడ్వాన్సు కట్టకుండా లేచి వచ్చేయండి.