మా ఆవిడ అమ్మమ్మగారి ఊరి జ్ఞాపకానికి బహిరంగ లేఖ

అయ్యా జ్ఞాపకం గారూ,

పెళ్లయిన రోజు నుంచీ మీరు మా ఇంట్లోనే ఉంటున్నారు. అల్లుడి మర్యాదలన్నీ మీకు, సర్దుకుపోవడాలు నాకు. ఎంత మంచి చోటికి తీసుకెళ్లినా, "బాగానే ఉంది కానీ, మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో..." అంటూ మధ్యలో దూరతారు. ఆ "కానీ" దగ్గరే నా ప్రయాణం ఖర్చంతా మునుగుతుంది.

మీ ఎదుగుదల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. మా పెళ్లయిన కొత్తలో ఆ ఊరి బావి మామూలు బావి. ఇప్పుడు అందులో రాయి వేస్తే చప్పుడు కోసం కూర్చుని ఎదురుచూడాలి. పెరట్లో చెట్టయితే ఇల్లు అమ్మేశాక కూడా పెరుగుతూనే ఉంది. బార్ట్‌లెట్ అనే కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త 1932లోనే మీ గుట్టు రట్టు చేశాడు. విన్న కథనే మళ్లీ మళ్లీ చెప్పమంటే, జనం కొన్ని వదిలేసి, కొన్ని తమకు తగ్గట్టు మార్చి చెప్పారట. మీ పనీ అదే. ఆ ఊళ్లో దోమలు లేవు. ఏమీ తోచని మధ్యాహ్నాలు లేవు. కరెంటు పోయేది కూడా కేవలం వెన్నెల కోసమే.

ఏడాదిన్నర వయసులో తాతయ్య భుజాలెక్కి పొలం చూసిన దృశ్యం కూడా మీ ఖాతాలో ఉంది. మూడేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక సాధారణంగా గుర్తుండవని పరిశోధకులు చెబుతారు. ఈ మాట ఒకసారి ఇంట్లో అన్నాను. ఆ సాయంత్రం సంగతి ఇక్కడ రాయను.

వాన పడితే మీతో మరీ కష్టం. తడిమట్టి వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్ అనే రసాయనం. దాన్ని తయారుచేసే మట్టిలోని బాక్టీరియాకు పల్లె, పట్నం అన్న పట్టింపు లేదు. అయినా మా వీధిలో వాన పడగానే ఆవిడ కిటికీ దగ్గర నిలబడి గట్టిగా పీల్చి, "అబ్బే" అంటుంది.

1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటిమీద బెంగను ఒక జబ్బుగా వర్ణించాడు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నుంచి బాసెల్‌కు చదువుకోవడానికొచ్చిన కుర్రాడొకడు బెంగతో చిక్కిపోతే, ఇంటికి ప్రయాణం కట్టించారట. దారిలోనే తేరుకున్నాడు. మరి మా ఆవిడను ఎక్కడికి పంపమంటారు? అమ్మమ్మ లేదు, తాతయ్య లేడు, ఆ ఇంట్లో ఇప్పుడెవరో ఉంటున్నారు. అందుకే రాత్రిపూట ఆవిడ మొదలుపెడితే టీవీ కట్టేసి వింటాను. బావి లోతు గురించి అడ్డుప్రశ్నలు మానేశాను.

అన్నట్టు, ఒక అర్జెంటు పని. ఆ ఇంటి కుక్క గోధుమ రంగని మా ఆవిడ, బూడిద రంగని మా బావమరిది ఏళ్లుగా తగువు పడుతున్నారు. దాన్ని కంటితో చూడని నేను పోయినసారి గోధుమ రంగేనని బల్ల గుద్ది మరీ చెప్పాను. ఈ ఆదివారం అతను పాత ఫోటో తెస్తున్నాడు. అది బ్లాక్ అండ్ వైట్ అయ్యేట్టు మీరే చూడాలి.

ఇట్లు,
ఆ ఊరు చూడకుండానే దాని దారులన్నీ తెలిసిన
మనవరాలి మొగుడు