మూడింటికి లేపే భయానికి పగలే జవాబు చెప్పాలి

నిద్ర మధ్యలో గుండెదడతో మెలకువ వచ్చేవారికి హైదరాబాద్‌లో సలహాల కొరత లేదు. పాలు తాగమంటారు, శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు, ఖరీదైన పరుపు కొనమంటారు. వీటి వల్ల వచ్చే నష్టం పెద్దగా లేదు, పరుపు ధర తప్ప. కానీ ఈ సలహాలన్నీ రాత్రి మొదలై రాత్రితోనే ముగుస్తాయి. మూడింటికి లేపే భయం పగలు మనం వినకుండా తోసేసినదే. దాని సంగతి పగలే చూడాలి. చూసే తీరిక ఉద్యోగం మిగల్చకపోతే ఉద్యోగంతోనే తేల్చుకోవాలి.

ముందు శరీరం సంగతి. మెలకువ రావడం దానికదే జబ్బు కాదు. నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుంది. గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి తొలి సగంలోనే అయిపోతుంది. తర్వాత నిద్ర పలచబడుతుంది, కలలు పెరుగుతాయి, మనల్ని పగటికి సిద్ధం చేసే కార్టిసాల్ హార్మోను మెల్లగా ఎక్కుతుంది. ఆ వేళల్లో అందరికీ క్షణకాలం మెలకువ వస్తూనే ఉంటుంది, చాలామందికి గుర్తుండదు. ఆ క్షణంలో తేలని లెక్క ఒకటి కాచుకొని ఉంటేనే చిక్కు. ఇంటి వాయిదా, అప్రైజల్, అమెరికాలో కొడుకు కొలువు. హెచ్‌1బీ మీద ఉన్నవారి ఉద్యోగం పోతే దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువన్న సంగతి కూకట్‌పల్లిలో రిటైరైన తల్లిదండ్రులకు కంఠతా వచ్చు. మనకు మూడు గంటలప్పుడు అక్కడ ఇంకా పగలే కాబట్టి, కళ్లు తెరవగానే చెయ్యి ఫోను వైపు వెళ్తుంది. బ్రాహ్మీ ముహూర్తంలో లేచామని సర్దిచెప్పుకొనేవారూ ఉన్నారు. అది సూర్యోదయానికి గంటా ముప్పై ఆరు నిమిషాల ముందు మొదలవుతుంది, మూడింటికి కాదు.

లేచాక చేయవలసింది తక్కువే. గడియారం చూడకూడదు. ఇరవై నిమిషాలు గడిచాయనిపించినా నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా చప్పటి పుస్తకం తిరగేస్తూ కూర్చోవాలి. కళ్లు మూతలు పడుతుంటేనే తిరిగి పడుకోవాలి. మంచం అంటే మథనపడే చోటని మెదడు నేర్చుకోకుండా ఆపడమే దీని ఉద్దేశం. రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లోనే ప్రతిపాదించిన పద్ధతి ఇది. దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కంటే ముందు ప్రవర్తనా చికిత్సనే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. ఈ పద్ధతి ఆ చికిత్సలో భాగమే. మనవాళ్లు దీన్ని వదిలేసి వీధి చివరి మెడికల్ షాపులో అల్ప్రాజోలమ్ అనే మత్తు మాత్ర అడుగుతారు. చీటీ లేకుండా అమ్మకూడని హెచ్‌1 షెడ్యూల్ మందు అది. కల్లు కల్తీకి వాడుతున్నారని తెలంగాణ ఎక్సైజ్ శాఖ తరచూ పట్టుకునేదీ దాన్నే. అలవాటైతే వదిలించుకోవడం ఎంత కష్టమో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల వైద్యులను అడగండి. ఛాతీలో నొప్పి ఉన్నా, గురకతో ఊపిరి ఆగినట్టయి లేస్తున్నా దాన్ని ఆందోళన ఖాతాలో వేయకుండా వైద్యుడికి చూపించాలి. ఆందోళనే అయితే, ఒంటరిగా మోయలేని రాత్రి 14416కు ఫోను చేయవచ్చు. అది కేంద్రం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్, ఇరవై నాలుగు గంటలూ ఉచితం.

అసలు మందు మాత్రం సాయంత్రంలో ఉంది. రోజూ ఒకే వేళకు పదిహేను నిమిషాలు చింతకే కేటాయించమంటారు నిపుణులు. కాగితం మీద భయాన్ని రాసి, పక్కనే రేపు వేయగల ఒక్క అడుగు రాయాలి. చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది. కానీ 2018లో బేలర్ విశ్వవిద్యాలయం 57 మందితో చేసిన ప్రయోగంలో, పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులు రాసుకున్నవారు, అయిపోయిన పనులు రాసినవారి కంటే సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. చిన్న ప్రయోగమే, కానీ దారి చూపుతుంది. రాయని పని బుర్రలో వడ్డీతో పెరిగే అప్పు లాంటిది, అది అర్ధరాత్రే తలుపు తడుతుంది.

మరి ఆ పదిహేను నిమిషాలు గచ్చిబౌలి ఉద్యోగికి ఎక్కడున్నాయి? న్యూయార్క్‌లో ఉదయం పదిన్నర అయితే ఇక్కడ రాత్రి ఎనిమిదో, తొమ్మిదో. పిల్లవాడి హోంవర్కు, భోజనం, క్లయింటు కాల్ ఒకే గంటలో ఇరుక్కుంటాయి. కాల్ పదిన్నరకు ముగుస్తుంది, పదకొండింటికి మేనేజర్ మెసేజ్ వస్తుంది. ‘రేపు మాట్లాడదాం’ అని అందులో ఉంటుంది, దేని గురించో ఉండదు. ఆ ఉద్యోగి మూడింటికి లేస్తే శ్వాస వ్యాయామం నేర్పుతారట. కంపెనీయే ధ్యానం యాప్‌కు చందా కడుతుందట! నిప్పు పెట్టినవాడే బర్నాల్ పంచడం చూసి కృతజ్ఞతలు చెప్పాలా?

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్నారు, ఒళ్లు వంచి పనిచేస్తే నిద్ర అదే వస్తుంది అనేవారున్నారు. ఈ రాత్రి కాల్సే నగరానికి జీతాలు, ఫ్లాట్లు తెచ్చాయని గుర్తుచేసేవారూ ఉన్నారు. రెండో మాట నిజమే. కానీ ఆ సామెత ఒళ్లు అలసినవారి గురించి చెప్పింది, మనసు పరుగు ఆగనివారి గురించి కాదు. జీతం తీసుకున్నంత మాత్రాన నిద్రను కూడా అమ్మినట్టు కాదు.

నిద్ర హక్కే. రాంలీలా మైదానం కేసులో 2012లో సుప్రీంకోర్టు నిద్రను 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా చూసింది. పడుకున్న జనం మీద పోలీసులు విరుచుకుపడ్డ కేసు అది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్ల నోరు మూయించాయి. పెళ్లి ఊరేగింపును ఆపగల ప్రభుత్వానికి మేనేజర్ ఫోను ఎందుకు కనబడదు? ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి, పని వేళలు దాటాక ఆఫీసుకు అందుబాటులో ఉండనవసరం లేదనే చట్టాలున్నాయి. మన దగ్గర ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టినా పార్లమెంటు దాన్ని చట్టం చేయలేదు. తెలంగాణ మాత్రం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనికి అనుమతించింది. వారానికి 48 గంటల పరిమితి ఉందన్నారు, బాగానే ఉంది. ఇంటికి వచ్చాక మోగే ఫోను ఆ 48లో లెక్కకు వస్తుందా?

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ప్రతి టీమూ రాత్రి పిలుపులకు వంతుల జాబితా వేసుకోవచ్చు. వంతు ఉన్నవారికి మర్నాడు ఉదయం సెలవు, మిగతావారికి ఎనిమిది తర్వాత ఫోను రాదన్న హామీ రాతపూర్వకంగా ఇవ్వమని హెచ్‌ఆర్‌ను అడగాలి. ధ్యానం యాప్ చందా రద్దు చేసుకోమని కూడా అదే కాగితంలో రాసి ఇవ్వవచ్చు.