కన్యాకుమారి నుంచి సి.క్యాంపు దాకా

జూలైలో నేను కర్నూలు నుంచి కన్యాకుమారికి సైకిలు మీద వెళ్లొచ్చాను. దారి వెతుక్కునే పని లేదు. మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే అక్కడిదాకా పోతుంది. గుత్తి, అనంతపురం, పెనుకొండ, బెంగళూరు, సేలం, మదురై... వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, పదకొండు రోజులు. తొప్పూరు ఘాట్‌లో లారీల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగాను. నాగర్‌కోయిల్‌కు ఇవతల ముప్పందల్ గాలిమరల దగ్గర ఎదురుగాలి ఎంత తోసిందంటే, నేను పోతున్నది ముందుకో వెనక్కో కాసేపు తెలియలేదు. అంత దూరంలో ఒక్క పంక్చరు కూడా పడలేదు. తిరిగొచ్చాక ఈ మాట కనీసం నలభై మందికి చెప్పి ఉంటాను. దిష్టి తగిలిందంటే తప్పు నాదే.

వచ్చిన కొత్తలో వీధిలో నా హోదా వేరు. ఎదురింటి హెడ్‌మాస్టరు గారు, రిటైరై ఎన్నాళ్లయిందో గానీ, బీరువాలో దాచుకున్న శాలువా తీసి నాకు కప్పారు. మా ఆవిడ మూడు రోజులు ఏ పనీ చెప్పలేదు. కర్నూలు 1953 నుంచి 1956 దాకా మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వెలిగింది. నేను మూడు రోజులు వెలిగాను. రాజధాని పోయినా ఊరికి ఏ.క్యాంపు, బి.క్యాంపు, సి.క్యాంపు అన్న పేర్లు మిగిలాయి. నాకు ఆకలి మిగిలింది. పూటకు ఎనిమిది ఇడ్లీలు అలవాటైన కడుపుకు ప్రయాణం అయిపోయిందన్న సంగతి ఎవరూ చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున్నే మా ఆవిడ సంచులూ స్కూటరు తాళమూ చేతిలో పెట్టింది. సి.క్యాంపు రైతుబజారులో ఐదు కిలోల ఉల్లిగడ్డలు, రెండు కిలోల టమాటాలు తేవాలి. తాళం వెనక్కిచ్చేశాను. కన్యాకుమారి చూసొచ్చినవాడికి సి.క్యాంపు ఒక లెక్కా!

వెళ్లేటప్పుడు లెక్కలేదు. వచ్చేటప్పుడే వచ్చింది చిక్కు. సైకిలుకు క్యారియర్ విప్పేసి ఉంది. హ్యాండిలుకు ఒక పక్క ఉల్లిగడ్డలు, మరో పక్క టమాటాలు తగిలించాను. ఐదు కిలోలు ఎటుంటే బండి అటే పోతానంటుంది. ఎదురుగా ఆటో వచ్చింది. నేను అంచుకు దిగాను. ముందు చక్రం బుస్సుమంది. వంగి చూస్తే రెండు కొమ్ముల పల్లేరు కాయ, టైరులో దర్జాగా కూర్చుని ఉంది.

పంక్చరు కొట్టు దగ్గరే కనబడింది. భాయ్ ట్యూబు లాగి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలొచ్చిన చోట గరుకుగా రుద్ది, సొల్యూషన్ పూసి, నోటితో ఉఫ్ ఉఫ్ అని ఆరబెట్టి ప్యాచ్ అంటించాడు. చూడముచ్చటైన పని. తర్వాత కంప్రెసర్ గొట్టం తెచ్చి వాల్వుకు పెట్టాడు. గాలి అంతా అతని మొహానికే కొట్టింది.

“సార్, ఇది ఏ ఊరి వాల్వు?”

ప్రెస్టా వాల్వు. పెన్సిలు ములుకంత సన్నగా ఉంటుంది. కొసన ఉన్న చిన్న మర విప్పితేనే గాలి తీసుకుంటుంది. మోటారుసైకిళ్లకు పెట్టే గొట్టం దానికి పట్టదు. మధ్యలో బఠాణీ గింజంత ఇత్తడి బిళ్ల ఒకటి బిగించాలి. అది నా దగ్గర ఉంది. పదకొండు రోజులు కంటికి రెప్పలా కాపాడుకున్నాను. ప్రస్తుతం ఇంట్లో ఉంది.

జనం చేరారు. ఒకాయన గుడ్డ చుట్టి కొట్టమన్నాడు. ఒక కుర్రాడు నోటితో ఊదమన్నాడు. టమాటాల సంచి కిందినుంచి అప్పటికే ఎర్రగా కారుతోంది.

చివరికి ఆటో పిలిచాను. అతను నన్నూ సైకిలునూ ఉల్లిగడ్డలనూ విడివిడిగా చూసి, ముగ్గురికి కిరాయి అడిగాడు. ముందు చక్రం బయటికి వేలాడుతూ, సైకిలు నా ఒళ్లో కూర్చుని వీధిలోకి వచ్చింది. హెడ్‌మాస్టరు గారు అరుగు మీద పేపరు దించి చూశారు.

“ఏమయ్యా, కన్యాకుమారికి కూడా ఇలాగేనా వెళ్లింది?”

వెళ్లడం తొక్కుకుంటూనే వెళ్లాను. కానీ రావడం రైల్లో వచ్చాను కదా, నోరు పెగల్లేదు. ఆయన చూపు చూస్తే శాలువా తిరిగి అడుగుతారేమో అనిపించింది.

ఇంట్లో టూల్ సంచి బోర్లించాను. బిళ్ల లేదు. అటక మీద లేదు, ఉతికిన బట్టల జేబుల్లో లేదు. ఆ సంచిలోనే కన్యాకుమారి అమ్మవారి కుంకుమ పొట్లాలు తెచ్చానని గుర్తొచ్చి అమ్మను అడిగాను. అమ్మ దేవుడి గూడు చూపించింది. ఇత్తడి పళ్లెంలో, కుంకుమ మధ్య, గంధమూ బొట్టూ పెట్టుకుని, నెత్తిన ఒక గన్నేరు పువ్వుతో నా బిళ్ల కొలువై ఉంది.

చెయ్యి చాచాను. అమ్మ ఠక్కున ఆపింది.

“శుక్రవారం పూట కదిలించకూడదు నాయనా. రేపు స్నానం చేసి తీసుకో.”