మహారాజశ్రీ ఫైల్ అవుట్‌పుట్ స్ట్రీమ్ గారికి

జావా భాషలో ఫైళ్లలోకి బైట్లు (కంప్యూటరు డేటా ముక్కలు) రాసే మహారాజశ్రీ ఫైల్ అవుట్‌పుట్ స్ట్రీమ్ గారికి, శ్రీకాకుళం నుంచి ఒక కంప్యూటర్ ల్యాబ్ మాస్టారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మా ల్యాబులో ‘ఊళ్లు’ అనే ఫైలు మాత్రం క్షేమంగా లేదు. ఫైళ్లలోంచి బైట్లు చదివే మీ అన్నగారు ఫైల్ ఇన్‌పుట్ స్ట్రీమ్‌కి ఈ ఉత్తరం మీరే చదివి వినిపించండి. ఆయన చదవడం మొదలెడితే ఒక్కో బైటూ కూడబలుక్కుని తెల్లారబెడతారు.

మొన్న మా పలాస కుర్రాడు హైవే మీద వచ్చే ఊళ్ల పేర్లు రాశాడు: శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి. ప్రోగ్రాం నడిచింది, ఫైలు తయారైంది. తర్వాత సొంతూరు కూడా చేరుద్దామని పలాస ఒక్కటే ఇచ్చి మళ్లీ నడిపాడు. తెరిచి చూస్తే పలాస తప్ప ఏమీ లేదు. “ఏటి మాస్టారూ, టెక్కలి ఏటైపోనాది?” అన్నాడు పాపం. ఏమైపోతుంది? తమరు తలుపు తీస్తూనే, ఇంకా ఒక్క బైటు కూడా రాయకముందే, ఉన్నదంతా ఊడ్చేశారు. తమరిని పిలిచేటప్పుడు ఫైలు పేరు తర్వాత రెండో ఆర్గ్యుమెంటుగా ట్రూ అని ఇస్తే ఉన్నదాని చివర రాస్తారట. ఇవ్వకపోతే ఉన్నది పోవాల్సిందేనా?

పోనీ, తమరు నోరులేని అమాయకులా అంటే అదీ కాదు. ఫైలు తెరవలేకపోతే తమరు విసిరే ఫైల్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్ (ఎక్సెప్షన్ అంటే ‘తప్పు జరిగింది’ అనే కేక) సంగతి ముందే చూసుకోకపోతే కంపైలర్ మమ్మల్ని గుమ్మం దాటనివ్వదు. రాస్తే ఐఓ ఎక్సెప్షన్, మూస్తే ఐఓ ఎక్సెప్షన్. మూసేటప్పుడు వచ్చేదాన్ని పట్టుకోవడానికి ‘ఫైనల్లీ’ అనే చివరి భాగంలో ఇంకో ‘ట్రై’ పెట్టి, ఫైలును తనే మూసే ఏర్పాటుతో 2011లో జావా 7 వచ్చేదాకా అలాగే ఏడ్చాం. ఇంత హడావుడి చేసే తమరు నిండు ఫైలును తుడిచేసేటప్పుడు ఒక్క ముక్క, “ఇందులో ఏదో ఉందండీ” అని అనరు.

అన్నగారి సంగతీ కాస్త చెప్పుకోవాలి. ‘శ్రీకాకుళం’ అని అక్షరాల్ని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే కోడ్ పాయింట్లు (అక్షరాలు, గుణింతపు గుర్తులు విడివిడిగా) 10, ఒక్కోటి 3 బైట్లు, వెరసి 30. అన్నగారు వాటిని ఒక్కొక్కటిగా అందిస్తారు. పిల్లలు ఒక్కోదాన్నీ క్యారెక్టరుగా మార్చి తెర మీద పెడతారు. అప్పుడు కనబడేదేమిటి? నెత్తిన గీతతో ఇంగ్లీషు ‘ఎ’లు పది, ఎండ కొలిచే డిగ్రీ గుర్తులు ఎనిమిది, ప్లస్-మైనస్ గుర్తులు మూడు, మధ్యలో కంటికి ఆననివి కొన్ని. మా జిల్లాలో ఎండ ఉన్నమాట నిజమే గానీ మరీ ఎనిమిది డిగ్రీ గుర్తులంత కాదు. “అక్షరాలు నా పని కాదు, బైట్లే నా పని, అక్షరాలకి రీడర్ అని వేరే ఆయన ఉన్నాడు” అంటారు అన్నగారు. న్యాయమే. ఆ మాట తెర మీద చెప్పొచ్చుగా! అక్కడా ఎక్సెప్షన్ లేదు.

అన్నగారికి ఇంకో ముచ్చట. ఇచ్చేది 0 నుంచి 255 దాకా ఉండే సంఖ్యే, అందించేది మాత్రం 32 బిట్ల పెద్ద డబ్బా అయిన ఇంట్‌లో పెట్టి. ఫైలు అయిపోయిందని చెప్పడానికి మైనస్ ఒకటి కావాలిగా, అందుకట. ఓ పిల్ల పొదుపుగా దాన్ని బైటులోకి కుదించి, మైనస్ ఒకటి వచ్చేదాకా చదవమంది. జావా బైటు మైనస్ 128 నుంచి 127 దాకానే కాబట్టి 255 కాస్తా మైనస్ ఒకటైపోతుంది. ఆ పిల్ల కాపీ చేయబోయింది అరసవల్లి గుడి ఫోటో. జేపీజీ ఫైల్లో మొట్టమొదటి బైటే 255. లోపలికి అడుగు పెట్టకుండానే “అయిపోయింది” అని లూప్ బయటికొచ్చేసింది. కాపీ సైజు సున్నా. ఎర్ర గీత ఒక్కటీ పడలేదు. ఆదిత్యుడి దర్శనం అంత త్వరగా అయిపోవడం రథసప్తమినాడు ఎవరికీ దక్కని భాగ్యం.

తమరి ముందు నిలబడి బైట్లు పోగుచేసే బఫర్డ్ అవుట్‌పుట్ స్ట్రీమ్ గారి గురించి క్లుప్తంగా. మామూలుగా 8192 బైట్లు నిండేదాకా ఆయన దేన్నీ డిస్కుకి పంపరు. క్లోజ్ మర్చిపోతే మా పిల్లల నాలుగు వాక్యాలూ ఆయన జేబులోనే ఉండిపోతాయి.

తమరిని ఇప్పుడు మారమని అడగను. 1996 నుంచి తమరి అలవాట్ల మీద ఆధారపడి ఎన్ని ప్రోగ్రాములు బతుకుతున్నాయో, అవన్నీ గోల పెడతాయి. జావా 7తోనే వచ్చిన ఫైల్స్ అనే ఆయన ఉన్నారు. క్రియేట్ న్యూ అని చెబితే, ముందే ఉన్న ఫైలు జోలికి పోకుండా “ఇది ఉందండీ” అని ఎక్సెప్షన్ విసురుతారు. ఎక్సెప్షన్ అంటే అలా ఉండాలి. వచ్చే వారం నుంచి మా ల్యాబులో ఆయనకే పని.

పరీక్షలో మాత్రం తమరే వస్తారు, సిలబస్‌లో తమరి పేరే ఉంది. పిల్లలు రికార్డులో తమరి ప్రోగ్రాం రాస్తున్నారు, నేను సంతకాలు పెడుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ల్యాబ్ మాస్టారు, శ్రీకాకుళం

తా.క.: ఆ కుర్రాడు ట్రూ నేర్చుకున్నాడు. ఇప్పుడు రన్ నొక్కిన ప్రతిసారీ పలాస ఇంకోటి చేరుతోంది. టెక్కలి ఇంకా రాలేదు.