వరంగల్ శివనగర్ ఇంటికి విలువ కట్టేది ఇట్లనేనా?

పొద్దున బ్రోకర్ వచ్చి మా ఇల్లు చూసి పోయాడు. మధ్యాహ్నం మూడైంది, నా ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు.

శివనగర్‌లో మాది 180 గజాల ఇల్లు. వెనక బావి, వేపచెట్టు. అతను పది నిమిషాలు కూడా ఉండలేదు. "అండర్ రైల్వే గేటు కదన్నా, గింతకన్నా రాదు" అని ఒక రేటు చెప్పాడు. రైలు పట్టాలకు ఇవతలున్న మా వైపును అట్లా అంటారు. ఆ డబ్బుకు పక్కనున్న హన్మకొండలో అతనే చూపించిన ఫ్లాట్ రాదు. ఫ్లాట్‌కు వాటాగా వచ్చే భూమి 38 గజాలు! 180 గజాలు అమ్మి, పైన లోన్ తీసుకుని 38 గజాలు కొనాలట.

మాకేం తక్కువ? స్టేషన్ దగ్గర, ఎంజీఎం ఆసుపత్రి దగ్గర, ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ ఇటే. వానకు అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయంటారు. నిలుస్తాయి, కాదనను. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ ఇళ్లలోకి నీళ్లు రాలేదా? అక్కడ బురద కడిగేసరికి అందరూ మర్చిపోయారు. మా గజం ధరకు మాత్రం ప్రతి వానకూ కోతే.

కాలేజీలు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు అటు పెరిగాయి. అద్దెలు అటే వస్తాయి, ధర కూడా అటే పోతుంది. మరి ఇటు ఏం మిగిల్చారు? మా నాన్న ఆజం జాహి బట్టల మిల్లు కార్మికుడు. 1934లో మొదలైన మిల్లు అది. ఆయన సైకిల్ మీద షిఫ్టుకు పోయి, ఓవర్ టైం చేసి, ఒక్కో గది కట్టుకుంటూ వచ్చాడు. మా గల్లీలో సగం గోడలు మిల్లు జీతంతో లేచినవే. మిల్లు మూసేశారు, స్థలంలో ప్లాట్లు పడ్డాయి. అంతమందికి అన్నం పెట్టే పని ఇంకొకటి ఇటు వైపు ఎవరూ తేలేదు. పని పోయిన చోట ఇంటికి ధర ఎట్లా వస్తుంది? ఆ బ్రోకర్ మీద కాదు నా కోపం. మిల్లు పోతుంటే చూస్తూ ఊరుకున్న పెద్దమనుషుల మీద.

పోతూ పోతూ అతను హన్మకొండ వెంచర్ బ్రోచర్ ఒకటి చేతిలో పెట్టాడు. అట్ట మీద కాకతీయుల కళాతోరణం. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "గిది మన కోటల తోరణమే గదా బిడ్డా" అంది. మా వైపే ఉన్న వరంగల్ కోటలో, మేం చిన్నప్పుడు నడిచిపోయి ఆడుకున్న చోటు అది.

ఇల్లు అమ్మడం లేదు. రేపు ఫోన్ చేసి చెప్పేస్తాను.