"క్యాన్సర్ కాదు" అన్నాక రెండో లైను కూడా చదవండి

రొమ్ముగడ్డ బయాప్సీలో "బినైన్" (క్యాన్సర్ కాదు) అని వస్తే చాలామంది డాక్టర్లు "ఏం లేదమ్మా, మామూలు గడ్డే" అని పంపించేస్తారు. ఏ రకం గడ్డో చెప్పరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

క్యాన్సర్ కాని గడ్డలన్నీ ఒక్కటి కావు. ముందు వయసు చూడాలి. 15 నుంచి 35 ఏళ్ల లోపు వేళ్ల కింద జారిపోయే, నొప్పిలేని గడ్డ ఎక్కువగా ఫైబ్రోఎడినోమా. 35 దాటాక నెలసరి ఆగేదాకా నీటితిత్తులు (సిస్టులు) ఎక్కువ. నెలసరి ఆగిపోయిన స్త్రీకి కొత్తగా గడ్డ కనిపిస్తే మాత్రం, పరీక్షలు పూర్తికాకుండా దాన్ని మామూలుదని ఎవరూ తేల్చకూడదు. చనుమొన పక్కన మళ్లీ మళ్లీ చీము పడుతుంటే సిగరెట్ అలవాటుందేమో అడగాలి. అది మానకపోతే ఆపరేషన్ చేసినా తిరగబెట్టే అవకాశం ఎక్కువ. కాఫీ వల్ల గడ్డలొస్తాయన్నదానికి గట్టి ఆధారం లేదు, వదిలేయండి.

ఇక రిపోర్టులో రెండో లైను, అంటే ఏ రకం గడ్డో చెప్పే లైను. మామూలు సిస్టు, సాధారణ ఫైబ్రోఎడినోమా అని ఉంటే ముందుముందు క్యాన్సర్ ముప్పు పెద్దగా పెరగదు. కణాలు ఎక్కువగా పెరిగాయి కానీ వాటి తీరు మారలేదంటే, ముప్పు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. "ఎటిపికల్ హైపర్‌ప్లాసియా" (కణాలు ఎక్కువగా పెరగడమే కాక వాటి తీరు కూడా మారడం) అని ఉంటే దాదాపు నాలుగు రెట్లు, అదీ రెండు రొమ్ములకూ. అంటే క్యాన్సర్ ఖాయమని కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ ఏళ్ల తరబడి గమనించిన ఇలాంటి స్త్రీలలో 25 ఏళ్లలో నూటికి 30 మందికి వచ్చింది, మిగతావాళ్లకు రాలేదు. కానీ ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కావాలి, ముప్పు తగ్గించే టామోక్సిఫెన్ లాంటి మందు అవసరమా అని డాక్టరుతో మాట్లాడాలి. "మామూలు గడ్డే" అని విని ఇంటికెళ్లిన మనిషికి ఇవేవీ అందవు. అమ్మకో అక్కచెల్లెళ్లకో రొమ్ముక్యాన్సర్ ఉంటే ఆ సంగతి మీరే ముందుగా చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

సన్నసూది పరీక్షలో విడి కణాలే వస్తాయి. ఎటిపియా (కణాల తీరు మారడం) ఉందో లేదో నమ్మకంగా తేలాలంటే లావు సూదితో చేసే కోర్ బయాప్సీలో వచ్చే కణజాలపు ముక్క కావాలి. ఆ ముక్కలో పాలనాళాల ఎటిపియా కనిపిస్తే, చుట్టుపక్కల సూది తగలని చోట క్యాన్సర్ ఉండొచ్చు కాబట్టి సాధారణంగా ఆ భాగాన్ని ఆపరేషన్‌తో తీసి చూస్తారు.

స్కాన్‌లో అంచులు వంకరటింకరగా, అనుమానంగా ఉండి, బయాప్సీ మాత్రం "బినైన్" అంటే సంతోషించి ఊరుకోకండి. సూది అసలు గడ్డకు తగలకపోయి ఉండొచ్చు. "స్కానూ బయాప్సీ ఒకదానికొకటి సరిపోయాయా?" అని అడగండి. సరిపోలేదంటే మళ్లీ ముక్క తీయాల్సిందే.