సెరిబ్రల్ పాల్సీ మీద తిరుగుతున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, నాకే నలుగురు పంపారు. సారాంశం ఏంటంటే, సీపీ (సెరిబ్రల్ పాల్సీ, అంటే పుట్టకముందో పుట్టిన కొత్తలోనో మెదడుకి దెబ్బ తగిలి ఒంటి కదలికలు సరిగా రాకపోవడం) ఉన్న పిల్లలంతా కాన్పులో డాక్టర్ నిర్లక్ష్యం వల్లే అలా అయ్యారు, కేసు వేస్తే గెలిచినట్టే, తొందరేం లేదు పిల్లలు పెద్దయ్యాక వేసినా చెల్లుతుంది, రెండేళ్లు వచ్చేదాకా ఈ జబ్బు తేలదు, తేలాక ఏటేటా ముదురుతుంది, బుర్ర ఎదగదు. మా బాబుకి సీపీ ఉంది, అందుకే చదివి ఊరుకోలేకపోయా.

మొదటిది, అంతా డాక్టర్ తప్పే అనేది. ఈ అభిప్రాయం పాతదే, 1860ల్లో విలియం లిటిల్ అనే ఇంగ్లండ్ డాక్టర్ కష్టమైన కాన్పుకీ పిల్లల కాళ్లు బిగుసుకుపోవడానికీ లింక్ ఉందన్నాడు, తర్వాత 1897లో ఫ్రాయిడ్ (అవును, మనసు గురించి సిద్ధాంతాలు చెప్పిన ఆ ఫ్రాయిడే) కడుపులో ముందే ఏదో తేడా ఉంటే దాని వల్లే కాన్పు కష్టమై ఉండొచ్చు కదా అని అడిగాడు. నెలలు నిండకుండా పుట్టడం, కడుపులో ఇన్ఫెక్షన్, పుట్టకముందే వచ్చే స్ట్రోక్, జన్యువుల్లో తేడాలు, పుట్టాక కామెర్లు మెదడుకెక్కడం, మెదడువాపు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. కాన్పులో ఆక్సిజన్ అందక వచ్చేవి వీటిలో కొన్నే. మావాడు 30 వారాలకే పుట్టాడు, ఎమ్మారైలో దెబ్బ కనిపించింది కూడా నెలలు తక్కువ పిల్లల్లో మామూలుగా కనిపించే చోటే. ఎవరో ఒకరి తప్పై ఉంటే బాగుండని నేనూ చాలా రాత్రులు అనుకున్నాను, కోపం చూపించడానికి ఒక మనిషైనా దొరుకుతారు కదా అని.

అలాగని నిర్లక్ష్యం అసలు జరగదని అనట్లేదు. బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా గంటలకొద్దీ ఎవరూ పట్టించుకోకపోవడం, ఒళ్లంతా పచ్చబడుతున్నా రక్తపరీక్ష చేయకపోవడం, నెలలు నిండి పుట్టి ఊపిరందని బిడ్డకి 6 గంటల్లోపు మొదలుపెట్టాల్సిన కూలింగ్ (ఒళ్లు చల్లబరిచి మెదడుని కాపాడే చికిత్స) గురించి ఆలోచించకపోవడం, ఇవి జరుగుతాయి, జరిగితే అడగాల్సిందే.

కానీ కేసు వేస్తే గెలిచినట్టే అనేది శుద్ధ అబద్ధం. చాలా దేశాల్లో రెండూ చూపించాలి, ఒకటి, పని తెలిసిన డాక్టర్ ఎవరూ చేయని పొరపాటు అక్కడ జరిగిందని, రెండు ఆ పొరపాటు వల్లే ఈ దెబ్బ తగిలిందని. చాలా కేసులు ఆగిపోయేది ఈ రెండోదాని దగ్గరే. అప్గార్ స్కోరు (పుట్టగానే బిడ్డ ఊపిరి, గుండె, రంగు లాంటివి చూసి వేసే మార్కులు) తక్కువ ఉందని పట్టుకొస్తారు, అదొక్కటే సరిపోదు. బొడ్డుతాడు రక్తంలో పీహెచ్ (ఆమ్లం ఎంత పెరిగితే అంత తగ్గే అంకె) 7 కన్నా తక్కువుందా, పుట్టిన మొదటి రోజుల్లో ఫిట్స్ వచ్చాయా, ఎమ్మారైలో దెబ్బ ఏ భాగంలో ఉంది, ఇవన్నీ కలిపి చూస్తారు. కాబట్టి లాయర్ సంగతి తర్వాత, ముందు కాగితాలు. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి చాలదు, పూర్తి కేస్ షీటు, గుండె చప్పుడు గ్రాఫు, పిల్లల ఐసీయూ నోట్సు, స్కాన్ సీడీలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, ఆ ఆసుపత్రితో సంబంధం లేని డాక్టర్‌కి చూపించండి. న్యూజిలాండ్ లాంటి చోట్ల తప్పు నిరూపించక్కర్లేకుండానే వైద్యం వల్ల జరిగిన నష్టానికి సాయం అందే పద్ధతి ఉంది, మీరున్న చోట ఏముందో కనుక్కోండి.

తొందరేం లేదు అన్న మాట మాత్రం నిజంగా కొంప ముంచుతుంది. గడువు దేశానికో రకం. ఇంగ్లండ్‌లో పిల్లాడికి 18 నిండాక మూడేళ్ల దాకా టైముంటుంది, భారత్‌లో వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే 2 ఏళ్లే. ఒక దేశం రూలు ఇంకో దేశంలో నమ్ముకుంటే తలుపు మూసేస్తారు.

రెండేళ్ల దాకా తేలదంటారా, మావాడికి ఐదో నెలలో స్నానం చేయించేటప్పుడు కుడిచేయి పిడికిలి విప్పాలంటే బొటనవేలు లోపల ఇరుక్కుని ఉండేది, వేళ్లు ఒక్కొక్కటే తీసి కడిగేదాన్ని, గిలక్కాయ ఎటువైపు పెట్టినా ఎడమచేత్తోనే అందుకునేవాడు. ఏడాదిలోపు పిల్లలు ఒక చేయే వాడుతుంటే అది ముద్దుగా చూసి వదిలేసే విషయం కాదు. ఇప్పుడు పిల్లల కదలికలు చూసే పరీక్షలు, ఎమ్మారై కలిపి 5, 6 నెలలకే చాలామందిలో చెప్పగలుగుతున్నారు. నాకు మాత్రం "ఆగండి, కొందరు పిల్లలు లేటు" అని చెప్పారు, ఆగాను, అలా ఐదు నెలల థెరపీ పోయింది.

ముదురుతుంది అనేది కూడా తప్పే, మెదడుకి తగిలిన దెబ్బ పెరగదు. పెరిగేది కండరాల బిగుతు, దాంతో తుంటి ఎముక పక్కకి జరగొచ్చు, అందుకే డాక్టర్ చెప్పిన టైముకి తుంటి ఎక్స్‌రే మానకండి, నొప్పి లేదు కదా అని అసలు మానకండి. పిల్లాడి పరిస్థితి నిజంగానే వెనక్కి పోతుంటే, వచ్చిన పనులు రాకుండా పోతుంటే, అది సీపీ కాకుండా వేరే జబ్బేమో అని మళ్లీ చూపించాలి.

ఇక బుర్ర సంగతి. సీపీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తెలివికి ఏ లోటూ ఉండదు. నలుగురిలో ఒకరికి మాట రాదు, ఆ మాట రాకపోవడాన్నే జనం బుర్ర లేదనుకుంటారు. మావాడు మాట్లాడడు, బొమ్మల బోర్డు మీద వేలు పెట్టి చెప్తాడు. మొన్న ఆ మెసేజ్ వాడి పక్కనే కూర్చుని ఒకరు పైకి చదివారు. వాడు చివరిదాకా విని, బోర్డు దగ్గరికి లాక్కుని "వద్దు" మీద వేలు పెట్టాడు.